నల్లమల కారుచిచ్చు: మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో అటవీ అగ్ని నివారణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నల్లమల తూర్పు అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో వేసవి వచ్చిందంటే అడవి నిప్పు భయం మొదలవుతుంది. దీనిని ప్రకృతి వైపరీత్యంగా పరిగణించటం వాడుక. అయితే ఈ నిప్పుకు ఋతువుతో, శ్రమతో, యాత్రతో, చట్టంతో ముడిపడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను పట్టించుకోని చర్యలు మంటలు లేచిన తరువాత ఆర్పటానికే పరిమితమవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం నుండి నేటి ఉపగ్రహ హెచ్చరికల వరకు సాగిన ప్రయత్నాలను పరిశీలించి, కంభం చెరువు పరీవాహక ప్రాంత రక్షణ దృష్టితో నివారణ, సన్నద్ధత మార్గాలను సూచిస్తుంది.

కీలకపదాలు: నల్లమల, కారుచిచ్చు, గుండ్లకమ్మ, కంభం చెరువు, చెంచులు, మద్రాసు అటవీ చట్టం, అగ్నిరేఖలు.

1. ఉపోద్ఘాతం:

అడవిలో రేగే నిప్పుకు తెలుగులో కారుచిచ్చు, కార్చిచ్చు అనే దేశ్యపదాలు, దావాగ్ని, దావానలం అనే తత్సమాలు ఉన్నాయి. కారడవి, కారెనుము వంటి సమాసాల్లో ‘కారు’ అనే పూర్వపదం అడవికి, మచ్చిక కానిదానికి సంబంధించిన అర్థచ్ఛాయను ఇస్తుంది. ఆ విధంగా చూస్తే కారుచిచ్చు అంటే మచ్చిక కాని నిప్పు. పొయ్యిలోని నిప్పుకు, హోమగుండంలోని అగ్నికి హద్దులు ఉంటాయి. దీనికి అవి లేవు.

తెలుగు పాఠకులకు ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని ఖాండవదహనం, భాగవత దశమస్కంధంలో కృష్ణుడు దావాగ్నిని మింగిన ఘట్టం సుపరిచితాలు. ఖాండవం దానంతట అదే కాలిపోలేదు. కృష్ణార్జునుల అండతో అగ్ని దానిని దహించాడు. భాగవత ఘట్టంలో మేత కోసం అడవి లోపలికి పోయిన ఆవులు, వాటిని వెదుకుతూ వెళ్లిన గోపబాలకులు మంటల్లో చిక్కుకున్నారు. అడవి నిప్పు వెనుక ఎవరో ఒకరి ప్రయోజనం ఉంటుందన్న ఎరుక, పశువుల మేతకూ అడవి నిప్పుకూ ఉన్న సంబంధం పురాణ కథనాల్లోనే కనిపించటం గమనార్హం.

మనదేశంలోని ఆకురాల్చే అడవుల్లో పిడుగుల వంటి సహజ కారణాలతో పుట్టే మంటలు బహు స్వల్పం. అత్యధిక భాగం మనుషుల చేతి నుండి, తెలిసో తెలియకో, వెలువడేవే. కాబట్టి అడవి ఎందుకు కాలిందన్న ప్రశ్నకు వాతావరణ శాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఆ నిప్పు ఎవరిది, ఏ అవసరానికి వెలిగించారు, ఆ అవసరాన్ని చట్టం ఎలా చూసింది అనే ప్రశ్నలు చరిత్రకు సంబంధించినవి.

2. ప్రాంత స్వరూపం – అడవి, నీరు:

1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలంలో కంభం, మార్కాపురం ప్రాంతాలు భాగం. తొలుత కడప జిల్లాలో ఉన్న ఈ తాలూకాలు 1858లో కర్నూలు జిల్లాలో చేరాయి. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలను, నెల్లూరు, గుంటూరు జిల్లాల నుండి మరికొన్ని ప్రాంతాలను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. పాలనా కేంద్రాలు ఇన్నిసార్లు మారినా ఈ ప్రాంతపు బతుకుకు పడమటి కొండలే ఆధారం.

నల్లమల తూర్పుకనుమల్లో భాగం. ఇక్కడి అడవులు ప్రధానంగా దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చే రకానికి చెందినవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, ఏగి, తునికి, ఇప్ప, నారేప వంటి చెట్లు, వెదురు పొదలు, కొండవాలుల మీద నిలువెత్తు బోదగడ్డి ఈ అడవి స్వరూపం. కొండలు గట్టి క్వార్ట్‌జైటు రాతితో, పలకరాతితో ఏర్పడ్డాయి. మార్కాపురం పలకల పరిశ్రమ ఈ భూగర్భ సంపదపైనే ఆధారపడింది. ఇటువంటి రాతినేల మీద మట్టిపొర పలుచగా ఉంటుంది. ఆ కాస్త మట్టిని పట్టి ఉంచేది రాలిన ఆకు, గడ్డి, పొదల వేళ్లు.

గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ తూర్పుగా ప్రవహించి, కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. రెండు కొండల నడుమ ఈ నదికి అడ్డంగా కట్టిన కంభం చెరువును విజయనగర రాజకుమార్తె వరదరాజమ్మ నిర్మింపజేసినట్లు ప్రసిద్ధి. దాదాపు 57 అడుగుల ఎత్తు గల కట్ట, సుమారు 430 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతం దీనికి ఉన్నాయి. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ 2020లో దీనికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపునిచ్చింది.

ఈ చెరువును అడవి చరిత్రతో కలిపి చదవవలసి ఉంది. ఫాల్గుణ, చైత్రాల్లో కాలిన వాలు మీద ఆకుపొర మిగలదు. వేసవి చివరి ఉరుముల వానలు, తొలకరి జల్లులు ఆ నేలను నేరుగా కొడతాయి. నీరు ఇంకక పరుగెడుతుంది, బూడిదతోపాటు మట్టిని వాగుల్లోకి దింపుతుంది. కరవుకు, ఫ్లోరైడు నీటికి పేరుపడిన పశ్చిమ ప్రకాశంలో వాన నీరు భూమిలోకి ఇంకటం, చెరువులో పూడిక పేరకుండా ఉండటం ప్రాణావసరాలు. కొండమీద కాలిన అడవి నష్టం కొండకిందనున్న బావిలో, చెరువులో లెక్కకు వస్తుంది.

3. నిప్పుకు ఋతువు:

శుష్క ఆకురాల్చే అడవిలో మంట చాలావరకు నేలబారుగా పాకుతుంది. చెట్ల తలల మీదుగా ఎగిరే మంటలు ఇక్కడ అరుదు. నేలబారు మంట పెద్ద చెట్టును వెంటనే చంపకపోవచ్చు. అయితే మొలకలను, చిరు మొక్కలను, నేల మీద గూడు కట్టే పక్షులను, తాబేళ్లను, పాములను కాల్చివేస్తుంది. ఏటేటా కాలే చోట ముసలి చెట్లు మిగిలి, వాటి స్థానాన్ని తీసుకోవలసిన తరం కరవవుతుంది. అటువంటి చోట్ల లాంటానా వంటి పరదేశపు పొదలు అల్లుకుని మరుసటి మంటకు మరింత ఇంధనాన్ని సమకూర్చే ప్రమాదమూ ఉంది.

మార్గశిర, పుష్యమాసాల్లో గడ్డి ముదిరి ఎండటం మొదలవుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది. ఫాల్గుణం నుండి వైశాఖం వరకు పొడిగాలి, ఎండ, నేలమీద ఆకు కలిసి ఉంటాయి. అడవిలో మనుషుల సంచారం పెరిగే కాలం కూడా సరిగ్గా ఇదే. ఎండుగడ్డిని కాలిస్తే లేతగడ్డి త్వరగా చిగురిస్తుందని కాపరులు నిప్పు పెడతారు. ఇప్పపూలు ఏరేవారు చెట్టుకింద రాలిన ఆకును కాల్చి నేలను శుభ్రం చేస్తారు. తేనె తీసేవారికి పొగ కావాలి. తునికి పొదలకు కొత్త ఆకు రావాలని కొమ్మలు కొట్టటానికి బదులు నిప్పు పెట్టే అలవాటు బీడీ ఆకు సేకరణ ఉన్న ప్రాంతాలన్నింటా కనిపిస్తుంది. అడవి అంచు రైతులు దుక్కికి ముందు చేలగట్ల మీది కంపను, మోళ్లను కాలుస్తారు. జంతువులను ఒకవైపుకు తోలటానికి వేటగాళ్లు మంట పెడతారు. ఆర్పకుండా పారేసిన బీడీముక్క సంగతి చెప్పనక్కరలేదు.

వీటికి యాత్ర తోడవుతుంది. శ్రీశైల మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశినాడు వస్తుంది. ఆ వెనువెంటనే ఉగాదికి కన్నడ భక్తులు పెద్దసంఖ్యలో కాలినడకన అడవిదారిలో వస్తారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో పర్వత ప్రకరణాన్ని ప్రత్యేకంగా నిర్మించటాన్ని బట్టి శివరాత్రి శ్రీశైలయాత్ర 13వ శతాబ్ది నాటికే ఎంతటి ప్రాధాన్యం పొందిందో తెలుస్తుంది. శ్రీశైలానికి తూర్పుద్వారంగా ప్రసిద్ధమైన త్రిపురాంతకం ఈ ప్రాంతంలోనిదే. మార్కాపురం నుండి దోర్నాల మీదుగా సాగే ఘాట్ దారి నేటికీ ప్రధానమైన యాత్రామార్గం. దారిపక్కన మూడురాళ్ల పొయ్యి పెట్టి వండుకోవటం యాత్రలో భాగం. ఆకు రాలే ఋతువు, యాత్రా ఋతువు ఒక్కటే కావటం నల్లమలకు ప్రత్యేకమైన సమస్య.

పై కారణాలన్నింటినీ ఒకే గాటన కట్టటం సరికాదు. వేటగాడి మంట ఉద్దేశపూర్వకం. యాత్రికుని పొయ్యి అజాగ్రత్త. కాపరి నిప్పు జీవనాధారంతో ముడిపడినది. మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

4. వలస పాలన – నిప్పు నేరమైన క్రమం:

మద్రాసు రాష్ట్రంలో 1856లో అటవీశాఖ ఏర్పడి, హ్యూ క్లెగ్‌హార్న్ మొదటి సంరక్షణాధికారి అయ్యారు. నౌకలకు, రైలు పట్టాలకు కలప అవసరం పెరుగుతున్న కాలమది. మధ్యపరగణాల్లోని బోరి అడవిలో 1860ల మధ్యలో మొదలైన అగ్నిరక్షణ ప్రయోగం దేశంలోని అటవీశాఖలకు ఆదర్శమైంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టటం, అడవికి అపాయం కలిగేటట్లు నిప్పు వెలిగించటం శిక్షార్హమయ్యాయి. అడవి హద్దుల వెంట, లోపలి బ్లాకుల నడుమ గడ్డిని కోసి, కాల్చి, ఖాళీ పట్టీలుగా ఉంచే అగ్నిరేఖల పద్ధతి స్థిరపడింది.

ఈ పద్ధతిలో ఒక వైరుధ్యం ఉంది. అగ్నిరేఖను ఏర్పరచటానికి అటవీశాఖ కూడా నిప్పునే వాడింది. చుట్టూ గడ్డి పచ్చిగా ఉన్నప్పుడు, గాలి లేని వేళ, మనుషులను కాపలా పెట్టి కాల్చిన నిప్పు ‘రక్షణ’ అయింది. అదే గడ్డిని కాపరి కాలిస్తే ‘నేరం’ అయింది. నిప్పును నిప్పుతో నివారించవచ్చునన్న జ్ఞానం శాఖకూ ఉంది, ప్రజలకూ ఉంది. చట్టం మొదటిదాన్ని మాత్రమే గుర్తించింది.

అగ్నిని పూర్తిగా నిషేధించటం సాధ్యమా, మేలైనదేనా అన్న చర్చ వలస అటవీ అధికారుల్లోనే తలెత్తింది. బర్మా టేకు అడవుల్లో అగ్నిరక్షణ మితిమీరిందని 1896లో ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో విమర్శ వచ్చింది. మంటలు లేనిచోట టేకు మొలకలు వెదురు, పొదల కింద అణగిపోతున్నాయన్నది ఆ వాదన సారాంశం. తరువాతి దశాబ్దాల్లో అక్కడి విధానం సడలింది. అయితే ప్రజల నిప్పును చూసే దృష్టిలో అటువంటి పునరాలోచన జరగలేదు.

1880ల చివర గిద్దలూరు, కంభం మీదుగా నల్లమలను దాటుతూ రైలుమార్గం ఏర్పడింది. బొగడ దగ్గరి కనుమలో దొరబావి వంతెన ఆనాటి నిర్మాణ కౌశలానికి నిదర్శనం. రైలు అడవి సరుకుకు కొత్త బజారును చూపింది. ఆవిరి యంత్రాల నిప్పురవ్వలు దేశమంతటా రైలుదారి పక్కన గడ్డి అంటుకోవటానికి కారణమయ్యేవి. పట్టాలకు ఇరువైపులా గడ్డి తొలగించే పద్ధతి ఆ అనుభవం నుండి వచ్చినదే. నిప్పు తెచ్చేవారిలో అడవిబిడ్డలు, కాపరులే కాక ఆధునిక యంత్రం కూడా ఉన్నదన్నమాట.

మేత మీద ఆంక్షలు, పుల్లరి, జరిమానాలు రైతుల్లో అసంతృప్తిని పెంచాయి. 1913 నాటి మద్రాసు అటవీ సంఘం నివేదిక ఈ ఫిర్యాదులను నమోదు చేసింది. నల్లమలకు ఈశాన్యపు అంచునున్న పల్నాడులో 1921-22లో పుల్లరి వ్యతిరేక సత్యాగ్రహం సాగింది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో అమరుడయ్యాడు. అదే 1921లో హిమాలయ ప్రాంతమైన కుమావూలో ప్రజలు ప్రభుత్వ అడవులకు నిప్పు పెట్టి నిరసన తెలిపారు. అడవి తనది కాదని మనిషి అనుకున్నప్పుడు దానిని కాపాడే బాధ్యత కూడా తనది కాదనుకుంటాడు. కొన్ని సందర్భాల్లో నిప్పే నిరసన రూపం తీసుకుంటుంది.

చట్టం రూపకల్పనలో మరొక చిక్కు ఉంది. మద్రాసుకు వెలుపలి ప్రాంతాలకు వర్తించిన 1927 భారతీయ అటవీ చట్టంలోని 26వ సెక్షను, రిజర్వు అడవిలో ఉద్దేశపూర్వకంగానో తీవ్రమైన నిర్లక్ష్యంతోనో నిప్పు పెట్టినపుడు ఆ అడవిలో మేత, ఫలసేకరణ హక్కులన్నింటినీ నిలిపివేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 79వ సెక్షను అడవిలో హక్కులున్నవారంతా మంటలార్పటంలో సాయపడాలని నిర్దేశించింది. సాయానికి రావలసినవారే సామూహిక శిక్షకు గురికాగల స్థితి ఇది. మంటను ముందుగా చూసినవాడు ముందుగా అనుమానితుడు అయ్యేచోట కబురు ఆలస్యం కావటం సహజం.

5. చెంచుల స్థానం:

తూర్పుకనుమల ఉత్తరభాగంలో అడవి నిప్పును పోడు వ్యవసాయంతో ముడిపెట్టి వివరించటం పరిపాటి. ఆ వివరణ నల్లమలకు అతకదు. హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల అధ్యయనం ప్రధానంగా కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాదు పీఠభూమికి చెందినదైనా, చెంచులు ప్రధానంగా ఆహారసేకరణపై ఆధారపడిన జాతి అని స్పష్టపరచింది. దుంపలు, పండ్లు, తేనె, బంక సేకరించి బతికేవారికి అడవి కాలిపోవటం అంటే ఆహారం కాలిపోవటమే. చెంచుల చేతిలో నిప్పు ఉన్నమాట నిజం. అయితే అడవి నిలిచి ఉండటంలో వారికున్నంత ప్రయోజనం మరెవరికీ లేదన్నదీ నిజమే.

కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండల సోలిగల అనుభవం ఇక్కడ పోల్చదగినది. వారు ఎండకాలం ముదరకముందే రాలిన ఆకును తేలికగా కాల్చే పద్ధతిని ‘తరగు బెంకి’ అంటారు. అభయారణ్యం ఏర్పడి ఆ పద్ధతి ఆగిన తరువాత లాంటానా ప్రబలిందని, మంటలు తీవ్రమయ్యాయని సోలిగలు చెబుతారు. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండులో ఆదిమవాసులు పొడికాలం మొదట్లోనే చిన్నమంటలు పెట్టే సంప్రదాయాన్ని ఆధునిక అగ్ని నిర్వహణలో చేర్చుకున్నారు. ఈ పద్ధతులను నల్లమలకు యథాతథంగా తెచ్చుకోవటం కుదరదు. ఎక్కడి అడవి అక్కడిదే. ఏ వాలు ముందుగా ఎండుతుంది, ఏ గాలి ఎప్పుడు తిరుగుతుంది, ఏ నీటిచెలమ వైశాఖంలోనూ ఆరదు అనే విషయాలు తెలిసిన స్థానికులను విధాన నిర్ణయంలో భాగస్వాములను చేయటమే ఆ అనుభవాల నుండి నేర్వదగిన పాఠం.

6. స్వాతంత్ర్యానంతర పరిణామాలు:

1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం నిప్పుకు సంబంధించిన పాత నిషేధాలను కొనసాగించింది. 1971లో చిల్లర అటవీ ఫలసాయ వ్యాపార నియంత్రణ చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. 1976లో చెంచుల కోసం శ్రీశైలం కేంద్రంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ప్రకటితమై, 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చింది. 3,568 చ.కి.మీ. విస్తీర్ణంతో ఉమ్మడి రాష్ట్రంలో అది దేశంలోనే అతిపెద్ద పులుల రక్షితప్రాంతం. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడింది. దానితో అగ్నిరక్షణ లక్ష్యం కలప నుండి వన్యప్రాణికి మారింది.

1990ల నుండి 2000ల మధ్యకాలం వరకు నల్లమల మావోయిస్టు ఉద్యమానికి, పోలీసు గాలింపులకు రంగస్థలం కావటంతో అటవీ సిబ్బంది లోపలి ప్రాంతాల్లో పనిచేయటం కష్టమైంది. 1992 నుండి వన సంరక్షణ సమితుల ద్వారా ప్రజలను అటవీ రక్షణలో భాగస్వాములను చేసే ప్రయత్నం మొదలైంది. పులుల రక్షిత ప్రాంతంలో చెంచు యువకులను బేస్ క్యాంపుల్లో రక్షణ సిబ్బందిగా నియమించటం గుణాత్మకమైన మార్పు. ఒకప్పుడు అనుమానించిన జ్ఞానాన్నే శాఖ ఆశ్రయించవలసి వచ్చింది.

2004 నుండి భారత అటవీ సర్వేక్షణ సంస్థ మోడిస్ పరికరం గల ఉపగ్రహాల సాయంతో మంటలను గుర్తించి రాష్ట్రాలకు హెచ్చరికలు పంపుతున్నది. ఒక కిలోమీటరు స్థాయిలో ఉండిన ఈ గుర్తింపు, 2017 నుండి వియర్స్ పరికరం వాడుకతో 375 మీటర్ల స్థాయికి సూక్ష్మమైంది. ఇది గొప్ప సౌకర్యమే. అయినా ఉపగ్రహం దినానికి కొన్నిసార్లు మాత్రమే ఆ చోటి మీదుగా పోతుంది. కొమ్మల కింద పాకే చిన్నమంట దానికి తెలియకపోవచ్చు. కబురు అందినా నడిచి వెళ్లి ఆర్పవలసింది మనిషే. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో 20 మందికి పైగా పర్వతారోహకులను బలిగొన్న మంటలు ఈ పరిమితిని చాటాయి. అదే సంవత్సరం కేంద్రప్రభుత్వం అటవీ అగ్నిపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను రూపొందించింది.

7. నివారణ, సన్నద్ధత:

చారిత్రక పరిశీలన నుండి తేలే ఆచరణాంశాలను కాలక్రమంలో ఇలా చెప్పుకోవచ్చు.

7.1 మంటకు ముందు: అగ్నిరేఖల పని పుష్యమాసం దాటకముందే, అంటే జనవరిలోనే పూర్తికావాలి. మార్చిలో కాల్చిన అగ్నిరేఖే కారుచిచ్చుకు కారణం కాగలదు. దోర్నాల, గిద్దలూరు–నంద్యాల ఘాట్ దారుల ఇరువైపులా ఆకు, గడ్డి తొలగించాలి. యాత్రికులకు కేవలం నిషేధపు బోర్డులు చాలవు. నేల చెక్కి, నీరు పెట్టి, వంటకు ప్రత్యేక స్థలాలను చూపాలి. ఉగాది యాత్రికులకు కన్నడంలోనూ సూచనలుండాలి. తునికి కొమ్మకొట్టుడుకు సకాలంలో కూలి దొరికితే నిప్పు అవసరం తగ్గుతుంది. కాపరులకు కోసి తెచ్చుకునే గడ్డిపై హక్కు ఉంటే ఆ గడ్డి మంటకు ఇంధనంగా మిగలదు.

7.2 మంట వేళ: నిప్పు వాలు మీదికి వేగంగా ఎగబాకుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది అగ్నిమాపకుల స్థూలసూత్రం. మంటకు ఎగువన నిలవటం, ఇరుకు లోయలోకి దిగటం ప్రాణాంతకం. పక్కలకు, వాలు కిందికి, లేదా అప్పటికే కాలి చల్లారిన నేలమీదికి తప్పుకోవాలి. నూలుబట్టలే ధరించాలి. సింథటిక్ బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి. నేలబారు మంటను పచ్చికొమ్మలతో కొట్టి, బ్లోయర్లతో ఆకును తొలగించి అదుపు చేయవచ్చు. ఎదురుమంట పెట్టటం అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మాత్రమే జరగాలి.

7.3 అడవి అంచు గ్రామాలు: అర్ధవీడు, రాచర్ల, కొమరోలు, దోర్నాల, ఎర్రగొండపాలెం మండలాల అడవి అంచు పల్లెల్లో, చెంచుగూడేల్లో బోదకొట్టాలకు, గడ్డివాములకు, కంపచెట్లకు మధ్య ఖాళీ నేల ఉంచటం, నీటితొట్లు నింపి ఉంచటం, వృద్ధులను, పిల్లలను, పశువులను తరలించే దారిని ముందే నిర్ణయించుకోవటం అవసరం.

7.4 మంట తరువాత: కాలిన వాలుల మీద తొలకరికి ముందే రాతికట్టలు, కంపకట్టలు వేసి మట్టిని ఆపాలి. ఏటేటా కాలే చోట్లను గుండ్లకమ్మ, జంపలేరు పరీవాహక పటంపై గుర్తిస్తే అటవీశాఖ, నీటిపారుదల శాఖ కలిసి పనిచేయటానికి వీలవుతుంది.

2006 అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షను పరీవాహక ప్రాంతాలను, నీటివనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు, హక్కుదారులకు ఇచ్చింది. అడవి నిప్పు నివారణకు ఈ నిబంధన ప్రాతిపదిక కావాలి. 1882 నుండి శిక్షకు గురైన సమూహాలకు చట్టం మొదటిసారి రక్షకుల స్థానాన్ని ఇక్కడే ఇచ్చింది.

8. ముగింపు:

1. నల్లమల తూర్పు అంచున కారుచిచ్చు ప్రధానంగా మానవకార్యం. దాని ఋతువు మేత, అటవీ ఫలసేకరణ, యాత్రల ఋతువుతో ఏకీభవిస్తుంది.

2. 1882 చట్టం ప్రజల నిప్పును నేరంగా, శాఖ నిప్పును రక్షణగా విభజించింది. ఈ విభజన వల్ల మంటను ముందుగా చూసేవారికీ, ఆర్పవలసినవారికీ మధ్య దూరం ఏర్పడింది.

3. పోడు ఆధారిత వివరణ చెంచులకు వర్తించదు. వారి అగ్ని జ్ఞానాన్ని మౌఖిక చరిత్ర పద్ధతిలో నమోదు చేయటం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.

4. ఉపగ్రహ హెచ్చరికలు మంటలను త్వరగా తెలుపుతాయి. నివారణ మాత్రం జనవరి నాటి పనిమీద, ఆ పని చేసే మనుషులకు అందే కూలి, హక్కు, గౌరవాల మీద ఆధారపడుతుంది.

5. కంభం చెరువు కట్ట ఎంత బలంగా ఉన్నా, పైన వాలులు ఏటా కాలుతుంటే చెరువు పూడుతుంది. అడవి నిప్పు నివారణను పశ్చిమ ప్రకాశపు నీటి భద్రతలో భాగంగా పరిగణించవలసి ఉంది.